నేర్పుకి ఏ చెయ్యి?

ఇంగ్లీషులో 'డెక్స్‌టరస్' అని ఒక విశేషణం ఉంది. మహా నేర్పుగల మనిషిని మెచ్చుకోడానికి వాడతారు. గాయానికి చకచకా కుట్లు వేసే డాక్టరుగారి వేళ్ళు డెక్స్‌టరస్. మనం బేరం ఆడేలోపల మూర మల్లెపూలు కట్టి ఆకులో చుట్టి చేతికిచ్చే పూలమ్మి వేళ్ళు డెక్స్‌టరస్. చేతుల దగ్గర మొదలైన ఈ మాట తరవాత బుద్ధికి కూడా పాకింది. సాక్షిని మాటల్లో పెట్టి నిజం కక్కించే ప్లీడరుగారినీ, ఎవరి మనసూ నొప్పించకుండా వియ్యాలవారి విందు దాటించే ఇల్లాలినీ కూడా ఇదే మాటతో మెచ్చుకోవచ్చు. దీన్ని రెండు రకాలుగా రాస్తారు, మధ్యలో ఒక 'ఇ' అక్షరం పెట్టీ, తీసేసీ. రెండూ ఒప్పే. ఇంగ్లీషు మాస్టారు ఎర్రసిరాతో సున్నా చుట్టడానికి వీల్లేని అరుదైన మాటల్లో ఇదొకటన్నమాట.

చూడ్డానికి ఎంతో పెద్దమనిషిలా కనిపించే ఈ మాటకి పుట్టినిల్లు ఎక్కడో చూద్దామని వెళితే, అక్కడ ఒక పక్షపాతం కథ బయటపడుతుంది.

లాటిన్ భాషలో 'డెక్స్‌టర్' అంటే కుడి. అంతే, మరేం లేదు. కుడిచెయ్యి, కుడివైపు. ఆ కుడి నుంచే నేర్పు పుట్టింది. 16వ శతాబ్దంలో 'డెక్స్‌టెరిటీ' అనే నామవాచకం ఇంగ్లీషులోకి వచ్చింది. 17వ శతాబ్దం మొదలయ్యేసరికి 'డెక్స్‌టరస్' కూడా వచ్చి చేరింది. అంటే ఎవరినైనా డెక్స్‌టరస్ అన్నప్పుడల్లా మనకి తెలియకుండానే "నువ్వు కుడిచేతిదానివమ్మా" అని మెచ్చుకుంటున్నామన్నమాట!

మరి ఎడమచెయ్యి సంగతి? అదే లాటిన్‌లో ఎడమని 'సినిస్టర్' అన్నారు. ఇంగ్లీషు డిటెక్టివు నవలలు చదివేవారికి ఈ మాట కొత్త కాదు. నల్లకోటు వేసుకుని చీకటి సందులో నిలబడే దుర్మార్గుడి చిరునవ్వు ఎప్పుడూ 'సినిస్టర్'గానే ఉంటుంది. కుడిచెయ్యి నేర్పయింది, ఎడమచెయ్యి దుర్మార్గమయింది. ఫ్రెంచివాళ్ళూ తక్కువ తినలేదు. వాళ్ళ భాషలో 'ద్రువా' అంటే కుడి, తిన్నని, న్యాయం కూడా. దాన్నుంచి వచ్చిన 'అడ్రాయిట్' 17వ శతాబ్దంలో ఇంగ్లీషులో చేరి "చాకచక్యం గల" అనే అర్థంతో స్థిరపడిపోయింది. వాళ్ళ ఎడమ 'గోష్'. అది కూడా 18వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది, "నలుగురిలో ఎలా మసలాలో తెలియని మొద్దు" అనే అర్థంతో! జర్మన్ భాషలో కూడా ఎడమ అన్న మాట నుంచే "చేతకాని" అన్న మాట పుట్టింది. ఇంగ్లీషు 'రైట్' సంగతి చెప్పనే అక్కర్లేదు. కుడి అదే, ఒప్పు అదే, హక్కు అదే. వాళ్ళ 'లెఫ్ట్' పాత ఇంగ్లీషులో బలహీనం, పనికిమాలినది అనే అర్థం నుంచి వచ్చిన మాట. ఇన్ని భాషలు కూడబలుక్కున్నట్టు ఒక చేతికి కిరీటం పెట్టి, రెండో చేతిని గుమ్మం బయట నిలబెట్టాయి.

ఇదంతా తెల్లవాళ్ళ గోల, మనకెందుకు అనుకుంటున్నారా? ఆగండి. ఈ 'డెక్స్‌టర్'కి స్వయానా తోబుట్టువు మన ఇంట్లోనే ఉంది. సంస్కృతంలో 'దక్షిణ' అంటే కుడి. సమర్థుడైన మనిషి 'దక్షుడు', వాడి సామర్థ్యం 'దక్షత'. లాటిన్ డెక్స్‌టరూ, మన దక్షిణమూ వేల ఏళ్ళ కిందటి ఒకే మూలభాష నుంచి విడిపోయిన మాటలని భాషాశాస్త్రజ్ఞులు ఏనాడో తేల్చారు. దక్షుడు, డెక్స్‌టరస్ - పక్కపక్కన పెట్టి పలికి చూడండి, పోలిక మీకే తెలుస్తుంది.

అయితే దక్షిణమంటే దిక్కు కదా అంటారా? ఉదయాన్నే సూర్యుడికి ఎదురుగా నిలబడి నమస్కారం చేసుకునే మనిషిని ఊహించుకోండి. తూర్పు ఎదురుగా ఉంటుంది. కుడిచెయ్యి ఎటు ఉంటుంది? దక్షిణానికే. అందుకే కుడివైపు పేరే ఆ దిక్కుకి పేరయింది. దేవుణ్ణి కుడివైపు ఉంచుకుని తిరిగితే ప్రదక్షిణం. ఈ దక్షిణమే ప్రాకృతంలో 'దక్ఖిణ' అయి, జనం నోళ్ళలో పడి, చివరికి 'దక్కను' అయింది. హైదరాబాదులో దక్కను పేరుతో బోర్డు కనిపించినప్పుడల్లా, అది డెక్స్‌టరస్ అనే ఇంగ్లీషు మాటకి పినతల్లి బిడ్డ అని గుర్తుచేసుకోండి. ఈ పద్ధతి మన ఒక్కరిదే కాదు సుమా. బ్రిటన్ దీవిలోనే ఉన్న వెల్షు భాషలో కుడికీ దక్షిణానికీ ఒకే మాట ఉంది. అరబ్బు దేశమైన యెమెన్ పేరులో ఉన్నదీ కుడీ, దక్షిణమూ అనే అర్థమిచ్చే ధాతువే.

మన ద్రావిడ భాషల్లో కూడా కుడిచేతికి లోటు జరగలేదు. తమిళంలో 'వలం' అంటే కుడివైపు, బలం, గెలుపు. మన తెలుగు 'కుడి' మాత్రం ఇంగ్లీషు రైటులాగా ఒప్పునీ హక్కునీ ఒళ్ళో కూర్చోబెట్టుకోలేదు. తెలుగులో ఒప్పు ఒప్పే, హక్కు హక్కే, కుడి కుడే. కాస్త సంతోషించాల్సిన విషయమే. కానీ మాట చేయని పని ఆచారం చేసింది. కొత్తకోడలు కుడికాలు ముందు పెట్టాలి. ప్రసాదం కుడిచేత్తో పుచ్చుకోవాలి. డబ్బు ఇచ్చినా కుడిచేత్తోనే ఇవ్వాలి. నమ్మకస్తుడు 'కుడిభుజం'. ఎడమచెయ్యికి మన ఇళ్ళల్లో ఉన్న పేరేమిటో మీకు తెలుసు కదా - పుర్రచెయ్యి!

ఇంత చిన్నచూపు ఎందుకు వచ్చింది? మనుషుల్లో నూటికి దాదాపు తొంభైమంది కుడిచేతివాటం వాళ్ళు. ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదు. ఐరోపాలో కొండగుహల గోడల మీద ఆదిమానవులు చెయ్యి ఆనించి చుట్టూ రంగు ఊది వేసిన ముద్రలున్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఎడమచేతి ముద్రలే. ఎందుకంటే రంగు పట్టుకున్నది కుడిచెయ్యి కాబట్టి! ఎక్కువమంది చేసే పని ఒప్పవుతుంది, తక్కువమంది చేసేది తప్పవుతుంది. లోకం తీరే అంత. తినే చెయ్యి ఒకటి, శుభ్రం చేసుకునే చెయ్యి ఇంకొకటి అని విడదీసుకున్న మన బోటి దేశాల్లో ఆ తేడా ఇంకా గట్టిపడింది. రాబర్ట్ హెర్ట్జ్ అనే ఫ్రెంచి పండితుడు 1909లో ఈ విషయం మీదే ఒక వ్యాసం రాశాడు. రెండు చేతుల మధ్య ఉన్న తేడా ఒళ్ళు పెట్టింది కొంతే, దానికి పవిత్రమనీ అపవిత్రమనీ పేర్లు పెట్టి గోడలు కట్టింది సమాజమేనని ఆయన వాదన. పాపం, మొదటి ప్రపంచయుద్ధంలో 1915లో చిన్నవయసులోనే పోయాడు.

చిత్రమేమిటంటే, మొదట్లో రోమన్లకి ఎడమ అంటే ఇంత భయం లేదు. పక్షులు ఎటు ఎగిరాయో చూసి శకునం చెప్పే వాళ్ళ పూజారులు దక్షిణముఖంగా నిలబడేవారు. అప్పుడు సూర్యుడు పొడిచే తూర్పు ఎడమవైపు ఉంటుంది కనుక ఎడమ శుభం! గ్రీకులేమో ఉత్తరానికి తిరిగి నిలబడేవారు. వాళ్ళకి తూర్పు కుడివైపు, కనుక కుడి శుభం. ఈ తేడా గురించి సిసిరో కూడా ప్రస్తావించాడు. పోను పోను గ్రీకుల మాటే చెల్లింది, రోమన్ల ఎడమకి అపశకునం అంటుకుంది. ఒక మనిషి ఎటు తిరిగి నిలబడ్డాడన్న దాన్ని బట్టి ఒక చెయ్యి తలరాత మారిపోయిందంటే ఏమనాలి?

భయం ఉన్నచోట బుజ్జగింపు కూడా ఉంటుంది. మనం మశూచిని 'అమ్మవారు' అన్నట్టు, పాముని రాత్రిపూట 'పురుగు' అన్నట్టు, ఎడమని పేరుపెట్టి పిలవడానికి జంకి ముద్దుపేర్లు పెట్టారు. గ్రీకులు దాన్ని 'మేలైనది' అనీ, 'మంచిపేరు గలది' అనీ అన్నారు. పాత ఇంగ్లీషులో 'స్నేహంగా ఉండేది' అనే అర్థం వచ్చే మాట ఉండేది. ఈనాటికీ స్వీడన్ భాషలో ఎడమ అన్న మాటలో ఆ స్నేహమే ఉంది. స్పెయిన్‌వాళ్ళయితే లాటిన్ నుంచి వచ్చిన తమ మాటని పక్కనపెట్టి, పొరుగున ఉన్న బాస్కు భాష నుంచి ఎడమకి ఒక మాట అరువు తెచ్చుకున్నారు!

మన సంస్కృతం సంగతి ఇంకా సొగసుగా ఉంటుంది. 'వామ' అంటే ఎడమ. వంకర, ప్రతికూలం అని కూడా అర్థం. అందమైనది, మనోహరమైనది అని కూడా అర్థం. ఆ మూడోది తీసుకునే స్త్రీని 'వామ' అన్నారు. ఒకే మాటలో ఎడమా, వంకరా, అందమూ, ఆడదీ! మనవాళ్ళు అనుకుని పెట్టారో అనుకోకుండా కుదిరిందో గానీ, లోకం మనల్ని చూసే చూపంతా ఆ రెండక్షరాల్లో ఇమిడిపోయింది. అర్ధనారీశ్వరుడిలో పార్వతీదేవిది ఎడమభాగం. పీటల మీద భార్య కూర్చునేదీ ఎక్కువగా ఎడమపక్కనే. మగవాడికి కుడికన్ను అదిరితే శుభం, మనకి ఎడమకన్ను అదిరితే శుభమట. పోనీలెండి, ఆ ఒక్క చోటైనా ఎడమకి మంచి జరిగింది.

ఇంకో తమాషా చూడండి. అర్జునుణ్ణి 'సవ్యసాచి' అంటాం. రెండు చేతులతోనూ బాణాలు వెయ్యగలవాడని. అందులో 'సవ్య' అంటే సంస్కృతంలో ఎడమ. ఎడమచేత్తో కూడా గురి తప్పనివాడు అని దాని భావం. కానీ తెలుగులో "సవ్యంగా ఉంది" అంటే సరిగ్గా ఉందని! జంధ్యం ఎడమభుజం మీద ఉండడం మామూలు పద్ధతి. దాన్నే సవ్యం అన్నారు. పితృకార్యాల్లో కుడిభుజం మీదికి మారిస్తే అపసవ్యం. అలా ఎడమ అన్న మాటే మనకి సక్రమం అన్న అర్థంలో స్థిరపడిపోయింది. ప్రపంచమంతా ఎడమని తిట్టుగా మారిస్తే, మనం మాత్రం తెలిసో తెలియకో ఒక ఎడమని మెప్పుగా మార్చుకున్నాం.

రెండు చేతుల నేర్పుని ఇంగ్లీషువాళ్ళు 'యాంబిడెక్స్‌ట్రస్' అంటారు. విడదీసి చెబితే "రెండూ కుడిచేతులే" అని. ఎడమచేతికి నేర్పొస్తే దాన్ని కుడిచెయ్యి కిందే జమకట్టారు గానీ ఎడమచెయ్యిగా ఒప్పుకోలేదు, చూశారా! అంతేకాదు, మొదట్లో ఈ మాట మెప్పు కూడా కాదు. వాది దగ్గరా ప్రతివాది దగ్గరా, రెండు చేతులా లంచం పుచ్చుకునే జ్యూరీ సభ్యుణ్ణి వెనకటి రోజుల్లో 'యాంబిడెక్స్‌టర్' అనేవారు. 16వ శతాబ్దంలో థామస్ ప్రెస్టన్ రాసిన 'కాంబైసిస్' నాటకంలో అటూ ఇటూ తంపులు పెట్టే దుష్టపాత్ర పేరు కూడా అదే. రెండు చేతులతో వెయ్యగలవాణ్ణి మనం అర్జునుడన్నాం, వాళ్ళు రెండునాలికలవాడన్నారు. 1646లో సర్ థామస్ బ్రౌన్ అనే ఇంగ్లీషు వైద్యుడు జనంలో ఉన్న అపోహల మీద ఒక పెద్ద గ్రంథం వేశాడు. అందులో కుడిఎడమల గురించి రాస్తూ, రెండు చేతులూ చేతకాని మనుషుల కోసం "రెండూ ఎడమచేతులే" అనే అర్థం వచ్చే మాట కూడా ఒకటి వాడాడు. కుడి గొప్పదనం ప్రకృతి శాసనమేమీ కాదని వాదించిన మనిషికి కూడా, చేతకానితనం అనేసరికి ఎడమచెయ్యే గుర్తుకొచ్చింది మరి!

మనం మరీ నవ్వనక్కర్లేదు. మనకీ ఇలాంటివి ఉన్నాయి. "చెయ్యి తిరిగిన వంటమనిషి" అంటే మెప్పు. "కాస్త చేతివాటం ఉన్న మనిషి" అంటే వెండిగిన్నెలు లోపల పెట్టుకోవాలని అర్థం. 'హస్తలాఘవం' అంటే ఒకప్పుడు చేతి చురుకుదనం, ఇప్పుడు పేపర్లో ఆ మాట చూస్తే బస్సులో గొలుసు పోయిన వార్త కావచ్చు. మరీ నేర్పున్న చేతిని చూస్తే ఏ దేశంలోనైనా మనిషికి కొంచెం అనుమానమే.

మాటల సంగతి ఇలా సరదాగానే ఉంటుంది. కానీ ఈ మాటల భారం మోసినవాళ్ళ సంగతి సరదా కాదు.

ఇంగ్లండు రాజు ఆరవ జార్జి 1895లో పుట్టాడు. 1947 దాకా మన దేశానికి చక్రవర్తి అనిపించుకున్న ఆఖరివాడు ఆయనే. పుట్టుకతో ఎడమచేతివాటం. రాజకుటుంబంలో అలా కుదరదని కుడిచేత్తో రాయించారు. చిన్నతనంలోనే ఆయనకి నత్తి వచ్చింది. చెయ్యి మార్పించడం వల్లనే నత్తి వచ్చిందని చెప్పడానికి రుజువేమీ లేదని ఈనాటి నిపుణులంటారు. కానీ ఆ పసివాడికి ఏం నేర్పినట్టు? నీ చెయ్యి నీకు సహజంగా ఎటు పోతే అది తప్పు అని. 1926లో లయనల్ లోగ్ అనే ఆయన దగ్గర మాట బాగుచేసుకోవడం మొదలుపెట్టాడు. తమాషా ఏమిటంటే, అదే 1926లో వింబుల్డన్‌లో డబుల్స్ టెన్నిస్ ఆడాడు, హాయిగా ఎడమచేత్తో! రాకెట్టు పట్టుకున్నప్పుడు ఆ చెయ్యి తప్పనిపించలేదు కాబోలు.

రాజులదాకా ఎందుకు? మా పిన్ని కూడా ఎడమచేతి మనిషే. బడిలో బలపం ఎడమచేత్తో పట్టుకుందని మాస్టారు వేళ్ళకణుపుల మీద బెత్తంతో కొట్టేవారట. ఇంటికొస్తే అమ్మమ్మ, "పుర్రచెయ్యి చాపకే, ఆడపిల్లవి! రేపు అత్తారింట్లో నవ్వుతారు" అనేది. చివరికి రాత కుడిచేతికి వచ్చింది. అక్షరాలు మాత్రం ఎప్పుడూ గాలికి ఒరిగిన చేలాగే ఉండేవి. కూరలు తరిగేది, ముగ్గు పెట్టేది, జాకెట్టుకి హెమ్మింగు కుట్టేది ఎడమచేత్తోనే. ధనుర్మాసంలో ఆవిడ ముగ్గు చూడ్డానికి వీధంతా వచ్చేవాళ్ళు. అయినా పెళ్ళిళ్ళలో వడ్డన దగ్గరికి మాత్రం వెళ్ళేది కాదు. పొరపాటున ఎడమచెయ్యి గరిటె అందుకుంటుందేమోనని భయం. "నా చెయ్యి అంటే నాకే నమ్మకం లేదే" అని ఒకసారి నాతో నవ్వుతూనే అంది. అంత చక్కగా ముగ్గు పెట్టే మనిషి అన్న మాట అది. నేను నవ్వలేకపోయాను.

ఎడమచేతి పిల్లలకి ఈ లోకంలో అడుగడుగునా చిన్న చిన్న అడ్డంకులే. మన లిపి ఎడమ నుంచి కుడికి పోతుంది కనుక, పలక మీద రాసిన అక్షరాన్ని వెనకే వచ్చే చెయ్యి తుడిచేస్తుంది. కాగితమైతే సిరా అలికేస్తుంది. మామూలు కత్తెరలో రెండు రేకుల అమరిక కుడిచేతి ఒత్తిడికి సరిపోయేలా ఉంటుంది. ఎడమచేత్తో పట్టుకుంటే గుడ్డ తెగకుండా మడతపడుతుంది. కుట్టుమిషను చక్రం కుడివైపే. కాలేజీ కుర్చీకి రాసుకునే పలక కుడివైపే. వీటన్నిటితో సతమతమయ్యే పిల్లని చూసి "దీనికి పనివాటం లేదు" అంటారు. వాటం లేనిది పిల్లకా, కత్తెరకా?

లెక్కలు చూస్తే ఇంకా ఆశ్చర్యం వేస్తుంది. 20వ శతాబ్దం మొదట్లో పాశ్చాత్యదేశాల్లో ఎడమచేత్తో రాసేవాళ్ళు నూటికి ముగ్గురో నలుగురో కనిపించేవారు. బళ్ళలో చెయ్యి మార్పించడం మానేసిన తరవాత ఆ సంఖ్య పది దాటింది. కొత్తగా పుట్టుకొచ్చినవాళ్ళు కారు వీళ్ళు. ఇంతకాలం బెత్తం భయానికి దాక్కున్న చేతులు. తల్లీతండ్రీ ఇద్దరూ ఎడమచేతివాళ్ళే అయినా పిల్లల్లో ఎక్కువమంది కుడిచేతివాళ్ళే అవుతారు. అందుకని ఇది ఇంటి పెంపకం లోపమూ కాదు, మొండితనమూ కాదు. కడుపులో ఉన్న బిడ్డ ఏ బొటనవేలు నోట్లో పెట్టుకుంటుందో స్కానింగులో చూసి, ఈ వాటం పుట్టకముందే మొదలవుతుందని చెబుతున్నారు.

అవసరం పడితే ఎడమచెయ్యి ఏం చెయ్యగలదో చరిత్ర చెబుతూనే ఉంది. ఇంగ్లీషు నౌకాదళాధిపతి నెల్సన్ 1797లో టెనరీఫ్ దగ్గర జరిగిన పోరులో కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు. కొద్దిరోజులకే ఎడమచేత్తో ఉత్తరం రాశాడు. ఆ తరవాత ఎనిమిదేళ్ళు ఆ చేత్తోనే రాసుకుంటూ 1805లో ట్రఫాల్గర్ యుద్ధం గెలిచి, ఆ యుద్ధంలోనే ప్రాణం విడిచాడు. అంతెందుకు, 1909 నవంబరులో గాంధీగారు లండను నుంచి దక్షిణాఫ్రికాకి 'కిల్డోనన్ కాసిల్' అనే ఓడలో వెళుతూ పదిరోజుల్లో 'హింద్ స్వరాజ్' గుజరాతీలో రాశారు. రాసి రాసి కుడిచెయ్యి నొప్పిపుడితే కలం ఎడమచేతికి మార్చుకున్నారు. సుమారు నలభై పేజీలు ఎడమచేతి రాతే. ఇప్పుడా పుస్తకం చదివేవాళ్ళకి ఏ వాక్యం ఏ చెయ్యి రాసిందో పోల్చుకోగల వీలుందా? ఆలోచన బుర్రలోది, చెయ్యి దాని సేవకురాలు మాత్రమే.

బైబిలులో కూడా ఒక చిత్రమైన కథ ఉంది. 'బెంజమిన్' అనే పేరుకి కుడిచేతి కొడుకు అని అర్థం. ఆ వంశంలోనే ఏహూదు అనే ఎడమచేతి వీరుడు పుట్టాడు. కుడితొడకి కత్తి కట్టుకుని రాజు దగ్గరికి వెళితే ఎవరికీ అనుమానం రాలేదట. గురి తప్పకుండా వడిసెల విసిరే ఏడువందలమంది ఎడమచేతివాళ్ళు కూడా ఆ కుడిచేతి వంశంవాళ్ళేనని అందులోనే ఉంది.

మన తెలుగు పలుకుబడిలో కూడా ఒక మెలిక ఉంది. ఎవరైనా చాలా సులువుగా ఒక పని చేసేస్తే "ఎడమచేత్తో చేసేసింది" అంటాం. అసలు నేర్పంటే ఏమిటో ఆ మాట చెప్పినంత బాగా ఏ డిక్షనరీ చెప్పలేదు. కష్టపడినట్టు కనిపించకుండా చెయ్యగలగడం!

ఒక చిన్న రసాయనశాస్త్రం ముక్క కూడా చెప్పి ముగిస్తాను, భయపడకండి. ఆస్పత్రిలో సెలైన్ సీసా మీద 'డెక్స్‌ట్రోజ్' అని ఉంటుంది. గ్లూకోజుకి అది ఇంకో పేరు. ఒక రకమైన కాంతిని దాని ద్రావణంలోంచి పంపితే కుడివైపు తిరుగుతుంది. అందుకని మన డెక్స్‌టర్ పేరే పెట్టారు. దాని జోడీ, పళ్ళలో ఉండే చక్కెర, కాంతిని ఎడమవైపు తిప్పుతుంది. దానికి లాటిన్‌లో ఎడమ అనే అర్థమున్న మరో మాట నుంచి 'లెవ్యులోజ్' అని పేరు. మనం కాఫీలో వేసుకునే పంచదారలో ఈ రెండూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఉంటాయి. తేనెలోనైతే రెండూ దేనికది విడివిడిగా ఉంటాయి. రెండింటిలో తీపి ఎక్కువ దేనికో తెలుసా? ఎడమదానికి!

ఇంతకీ డెక్స్‌టరస్ అనే మాట వాడాలా, మానాలా? వాడండి. పుట్టుక ఏదైనా ఈనాడు దానికి ఉన్న అర్థం నేర్పు అనే. ఎడమచేతి మనిషిని డెక్స్‌టరస్ అన్నా తప్పేమీ లేదు. చేతిపనికీ, చురుకైన బుద్ధికీ ఇది నప్పుతుంది. చిక్కు వ్యవహారాన్ని ఒడుపుగా చక్కబెట్టినవాళ్ళకి అడ్రాయిట్ ఇంకా బాగుంటుంది. కానీ ఏ చేతికీ పక్షపాతం చూపని మాట కావాలంటే ఇంగ్లీషులో 'డెఫ్ట్' ఉంది. తేలిగ్గా, చక్కగా పని చేసే చేతికి ఆ మాట వాడతారు. పాత ఇంగ్లీషులో దాని మూలానికి సౌమ్యమైన, మృదువైన అని అర్థం. అదే మూలం నుంచి 'డాఫ్ట్' అనే ఇంకో మాట కూడా వచ్చింది, తెలివితక్కువ అనే అర్థంతో. ఒకే సౌమ్యతని ఒకరు నేర్పు అన్నారు, ఇంకొకరు వెర్రిబాగులతనం అన్నారు. మెత్తగా ఉండే ఆడవాళ్ళందరికీ ఇది అనుభవమే కదూ!

మనకి ఇంకా మంచి మాట ఉంది - 'ప్రవీణ'. వీణ వాయించడంలో గొప్ప నేర్పు గలది అని దాని మొదటి అర్థం చెబుతారు. తరవాత్తరవాత ఏ విద్యలో నేర్పరినైనా అలా అన్నారు. ఈనాటి వీణ వాయించేవారిని ఒకసారి దగ్గర కూర్చుని చూడండి. తంత్రి మీటేది కుడిచెయ్యి. మెట్ల మీద తంత్రిని లాగి గమకం పలికించి, మన కళ్ళల్లో నీళ్ళు తెప్పించేది ఎడమచెయ్యి. ఏది గొప్ప అని అడిగితే వీణే నవ్వుతుంది.

మీ ఇంట్లో ఏ పసిపిల్లయినా బలపం ఎడమచేత్తో అందుకుంటే దయచేసి లాగెయ్యకండి. ఆ చేతినే తిరగనివ్వండి. చెయ్యి తిరిగింది అనిపించుకోవాలంటే, ముందు దాన్ని తిరగనివ్వాలి కదా!